వైజాగ్ ద్వారకానగర్‌లో వీకెండ్ కాంట్రాక్ట్ లా క్లాసులు: టెంట్ హౌస్ నడిపే నాకు ఎంత పనికొచ్చాయంటే

గోపాలపట్నంలో మాది టెంట్ హౌస్ అండి. మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళలో ఒక పార్టీ షామియానా, స్టేజీ, 300 కుర్చీలకి రేటు అడిగితే 42 వేలు అన్నాను, వాళ్ళు "బానే ఉంది గానీ జనరేటర్ కూడా అందులోనే కలిపెయ్యండి" అని మెసేజ్ పెట్టారు, నేను దానికి జవాబే ఇవ్వలేదు, ఆర్డర్ ఖాయం అయిపోయిందనుకుని అదే తారీకుకి వచ్చిన ఇంకో బేరం వదిలేశాను. తీరా రెండ్రోజుల ముందు వాళ్ళు వేరే షాపులో తీసుకున్నారు. గొడవపడితే "మనం ఎప్పుడు ఒప్పుకున్నాం" అన్నారు. ఆ కడుపుమంటతోనే ఈ క్లాసులో చేరాను, ఎనిమిది ఆదివారాలు, ఫీజు 3,500.

రెండో క్లాసులోనే నా తప్పు దొరికింది. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 7 ప్రకారం ఒప్పుకోలు ఏ షరతూ లేకుండా ఉండాలట. "సరే గానీ జనరేటర్" అంటే అది ఒప్పుకోలు కాదు, వాళ్ళు పెట్టిన కొత్త ఆఫర్. దానికి సరే అనాల్సింది నేను, నేనేమో నోరు మెదపలేదు. మౌనం అంగీకారం అని మనం అనుకుంటాం కదా, కాంట్రాక్టుల్లో మామూలుగా అలా చెల్లదు.

మాస్టారు చెప్పే పద్ధతి చాలా బాగుంటుంది. ఫిషింగ్ హార్బర్ వేలం తీసుకుని, మనం పాడే ప్రతి పాటా ఒక ఆఫరే, పాట ఖరారు చేసేవరకు వెనక్కి తీసుకోవచ్చు అని చెప్పారు, ఇక జన్మలో మర్చిపోను. ఫోన్ బేరాలకి 1966 సుప్రీంకోర్టు కేసు చెప్పారు, అహ్మదాబాద్ వ్యాపారి ఫోన్లో పత్తి చెక్క అడిగితే ఖామ్‌గావ్ నుంచి సరే అన్నారు, ఆ 'సరే' వినపడిన అహ్మదాబాద్‌లోనే కాంట్రాక్టు పుట్టిందని తీర్పు. అంటే విజయనగరం పార్టీ ఫోన్లో అడిగి నేనిక్కడ సరే అంటే కాంట్రాక్టు అక్కడ పుట్టినట్టే, ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

కన్సిడరేషన్, అంటే ప్రతిఫలం, అక్కడ మాత్రం కొంచెం పరుగు పెట్టారు. అడ్వాన్స్ ఇవ్వకపోతే బేరమే లేదని మా లైన్లో అందరి నమ్మకం, అది తప్పని ఇక్కడే తెలిసింది, నేను సామాను వేస్తానని మాట ఇవ్వడం, వాళ్ళు డబ్బు ఇస్తామని మాట ఇవ్వడం, ఒకదానికొకటి ప్రతిఫలమే. ఇంత ముఖ్యమైన విషయానికి అరగంటా? పైగా అందులోనే చెప్పిన 1880ల నాటి చిన్నయ్య, రామయ్య కేసు మన మద్రాస్ హైకోర్టుది, అప్పట్లో వైజాగ్ కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలోదే. తల్లి కూతురికి ఆస్తి రాసిచ్చి తన తోబుట్టువుకి ఏటా 653 రూపాయలు ఇమ్మంది, కూతురు ఇస్తానని కాగితం రాసి తర్వాత ఎగ్గొట్టింది. ప్రతిఫలం తల్లి వైపు నుంచి వచ్చినా చాలు, ఇవ్వాల్సిందే అంది కోర్టు. మన ఇళ్ళల్లో ఆస్తి పంపకాలన్నీ ఇలాంటివే కదా, దీని మీద ఒక పూర్తి క్లాసు పెట్టాలని నేను గట్టిగా అడిగాను.

సెక్షన్ 25 మాత్రం బాగా నడిచింది. మూడేళ్ళు దాటి కాలదోషం పట్టిన పాత బాకీని ఇస్తానని అవతలివాడు రాసి సంతకం పెడితే, కొత్త ప్రతిఫలం లేకపోయినా అది చెల్లుతుందట. మా పద్దు పుస్తకంలో అలాంటివి నాలుగున్నాయి, ఇద్దరి దగ్గర రాయించుకున్నాను కూడా.

గది ఇరుకు, కింద ట్రాఫిక్ మోతకి వెనక బెంచీల వాళ్ళకి సరిగా వినపడదు, తొందరగా వెళ్ళి ముందు కూర్చోండి. నోట్సులు ఇవ్వరు, బేర్ యాక్ట్, అంటే చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం, కొనుక్కోవాలి. నావైపు నుంచి నాలుగు స్టార్లు. వ్యాపారం ఉన్నవాళ్ళు బిల్ బుక్ కూడా పట్టుకెళ్ళండి, క్లాసయ్యాక మాస్టారు ఓపిగ్గా చూస్తారు, నా కొటేషన్ కింద "ఈ రేటుకి ఒప్పుకుంటే ఫలానా తారీకులోపు సరే అని మెసేజ్ పెట్టండి, తర్వాత ఈ రేటు ఉండదు" అన్న లైను ఆయన రాయించిందే.