పోలోకు 30 ఎంఎం లోయరింగ్ స్ప్రింగ్‌లు: ట్రాక్ మీద బ్రహ్మాండం, కడప రోడ్ల మీద జాగ్రత్త

నా పోలో టీఎస్ఐకి వేయించినవి కోయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగ్-షాకబ్జర్ సెట్లు) కాదు, కంపెనీ స్ప్రింగ్‌ల స్థానంలో కూర్చుని బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగ్‌లు. స్ప్రింగ్ గట్టిపడినప్పుడు పాత షాకబ్జర్ దాన్ని పట్టుకోలేదు, బండి ఎగురుతూనే ఉంటుంది, అందుకే షాకబ్జర్లు కూడా కొత్తవే వేయించాను.

తేడా తెలియాలంటే ట్రాక్ మీదే తెలియాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో మెయిన్ స్ట్రెయిట్ అయిపోగానే వచ్చే సీ1 అనే మొదటి మలుపులో ఇంతకుముందు బండి ఒక పక్కకు ఒరిగి, సర్దుకున్నాకే నా మాట వినేది. ఇప్పుడు స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముక్కు లోపలికి వెళ్తోంది, బ్రేక్ గట్టిగా కొట్టినా ముందుకు అంతగా కుంగడం లేదు. భలే ధైర్యం వస్తుంది.

ఇది చూసి ఇంకా దించుదామనుకునే తమ్ముళ్లకు ఒక్క మాట. పోలో, స్విఫ్ట్ లాంటి వాటికి ముందు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగ్, షాకబ్జర్ ఒకే కాలుగా ఉండి, కింద చక్రాన్ని లోయర్ ఆర్మ్ అనే కడ్డీ పట్టుకునే సస్పెన్షన్. మరీ కిందికి దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచిపోతుంది, బండి బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగిపోతుంది, రెండిటి మధ్య దూరం పెరుగుతుంది, దాంతో బండిని ఒరగతోసే బలం తగ్గకపోగా పెరుగుతుంది. పైగా సస్పెన్షన్ పూర్తిగా కుంగకుండా ఆపే బంప్ స్టాప్‌లు ఊరికే తగులుతాయి, మలుపు మధ్యలో అవి తగిలితే పట్టు ఒక్కసారిగా పోతుంది. ఫొటోలో అందంగా ఉంటుందేమో గానీ ల్యాప్ టైమ్ రాదు.

ఫిట్టింగ్ కడపలోనే ఒక చిన్న షెడ్డులో చేయించాను. ఆ అన్న పనితనానికి దండం పెట్టాలి. వెనక షాకబ్జర్ల కింది బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగించలేదు, బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాడు, లేకపోతే వాటిలోని రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరిగిపోతాయి. వీల్ అలైన్‌మెంట్ కోసం వెళ్లిన వేరే చోట మాత్రం స్టీరింగ్ నేరుగా ఉంది కదా చాలన్నారు, రీడింగ్ కాగితం కూడా ఇవ్వలేదు. దించాక టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం) రెండూ మారతాయి, కాగితం చూడకుండా డబ్బులు ఇవ్వకండి.

ఊరి రోడ్ల మీద కష్టమే. రాజంపేట, కోడూరు మీదుగా వెళ్లేటప్పుడు ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, నలుగురు ఎక్కితే అడుగు తగులుతుంది, ఏటవాలుగా ఎక్కించాలి. గువ్వలచెరువు ఘాట్‌లో బండి చక్కగా నిలబడుతుంది, అయినా ఆ లారీల మధ్య దయచేసి స్పీడ్ పరీక్షలు పెట్టకండి. రోజూ ఇంటిల్లిపాదీ తిరిగే బండి ఒక్కటే ఉంటే నేనైతే వద్దంటాను. వేయించేవాళ్లు మాత్రం కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగ్‌లు కుదురుకున్నాక అలైన్‌మెంట్ మళ్లీ చూపించండి.