పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్): మన చేత్తో వేసుకోవడమా, షాపుకిచ్చేదా, సిరామిక్‌తో సరిపెట్టుకునేదా?

కర్నూలు నుంచి గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండేళ్లు తిరిగిన కారు ముందు ఓసారి వంగి చూడండి. బానెట్ ముందంచు, బంపర్, సైడ్ మిర్రర్ల వెనక డిప్పలు, వెనక చక్రాలకు ముందుండే రేకు, ఈ నాలుగు చోట్లా సూదితో పొడిచినట్టు చుక్కలుంటాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి లారీలు, కంకర టిప్పర్ల వెనక తిరిగే బండికైతే ఇంకా తొందరగా పడతాయి. అదే కారు పైకప్పు మీద రాయి దెబ్బ వెతికినా దొరకదు. కాబట్టి పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్మ్ అయిన పీపీఎఫ్, పెయింటు మీద పూసే సిరామిక్ కోటింగ్, ఈ రెంటిలో కారు మొత్తానికి కలిపి ఏది మేలు అని అడిగితే జవాబు రాదు. ఏ భాగానికి ఏది అని అడగాలి.

సిరామిక్ సంగతి ముందు తేల్చేద్దాం. అది రాయిని ఆపదు. సిరామిక్ పొర రెండు మూడు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించదు. పీపీఎఫ్ 190 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. కంపెనీ పెయింటు పొరలన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లే. సిరామిక్ మెరుపుకు, మట్టి తేలిగ్గా వదలడానికి పనికొస్తుంది. పైగా మన బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే దాని మీద నీటి చుక్కలు గుండ్రంగా నిలబడి ఆరి, తెల్లటి ఉప్పు వలయాలు మిగులుస్తాయి. ఇల్లూ ఆఫీసూ తప్ప ఊరు దాటని కారుకు సిరామిక్ చాలు. హైవే ఎక్కే కారుకు అది ఫిల్మ్‌కు బదులు కాదు.

ఫిల్మ్‌లోనూ రకాలున్నాయి. టీపీయూ (సాగే గుణమున్న పాలీయురెథేన్ ప్లాస్టిక్) అసలుది. టీపీహెచ్, పీవీసీ చౌక రకాలు, మన ఎండకు ముందుగా పసుపెక్కేవి అవే. రోల్ కొనేముందు అరచేయంత ముక్క అడగండి. ఇత్తడి బ్రష్‌తో మెల్లగా గీకి, వేడినీళ్లు పోయండి. మంచి టీపీయూ మీద సన్న గీతలు కళ్లముందే పూడుకుపోతాయి. లాగి వదిలితే మళ్లీ పాత కొలతకు వస్తుంది. పీవీసీ బిరుసుగా ఉంటుంది, ప్లాస్టిక్ వాసన కొడుతుంది. కర్నూలు ఏప్రిల్ ఎండలో నిలిపిన కారుకు వేడినీళ్ల పనే ఉండదనుకోండి, మధ్యాహ్నానికి గీతలు వాటంతటవే మాయం.

ఇక చెయ్యి పెట్టాల్సింది ఎక్కడ?

డోర్ హ్యాండిల్ కింద గోళ్ల గీతలు పడే గుంటలు, డోర్ అంచులు, కాలు తగిలే గడపలు, డిక్కీలో సామాను పెట్టేటప్పుడు గీసుకునే వెనక బంపర్ పైభాగం, ఇవి నిస్సందేహంగా ఇంట్లో చేసుకునే పనులు. 1.52 మీటర్ల వెడల్పు రోల్‌లో ఒక మీటరు తెచ్చుకుంటే ఇవన్నీ అయిపోయి, చెడగొట్టుకోవడానికి కూడా కొంత మిగులుతుంది. హెడ్‌లైట్లు మధ్యరకం, వంపు తక్కువున్న మోడల్ అయితే కుదురుతుంది. బానెట్‌కు ఇద్దరు మనుషులు, ముందే కత్తిరించి వచ్చే కిట్టు ఉంటే ప్రయత్నించవచ్చు. బంపర్, మిర్రర్ డిప్పల జోలికి మొదటిసారి వెళ్లకండి. అవి అన్ని వైపులా వంపు తిరిగినవి. ఒకవైపు సర్దితే రెండోవైపు ముడత లేస్తుంది. అక్కడ పాడయ్యే ఫిల్మ్ ఖరీదు లెక్కేస్తే షాపు కూలీ ఎక్కువనిపించదు.

బానెట్‌కు ముందు అడుగున్నర మాత్రమే పట్టీలా వేయడం చౌకే. కానీ ఆ గీత దగ్గర మట్టి చేరి, తెల్ల కారు మీద ఆరు నెలల్లో నల్లదారంలా కనిపిస్తుంది. వేస్తే పూర్తిగా వేయడమే నయం.

మన దగ్గర ఈ పని చెడేది ఎక్కువగా నీళ్లు, వేడి, గాలి వల్ల. బోరు నీళ్లలోని లవణాలు ఫిల్మ్ కింద ఆరిపోతే మచ్చలు లోపలే ఉండిపోతాయి, తియ్యడానికి దారి లేదు. ఆర్ఓ నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. చిన్న ముక్కలకు రెండు లీటర్లు, బానెట్‌కు ఐదు. వేడి రేకు మీద నీళ్లు క్షణాల్లో ఆరి జిగురు పడ్డచోటే పట్టేస్తుంది, జరపడానికి వీలుండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట మంచి సమయం. అనంతపురంలో ఆషాఢం గాలుల్లో రేకుల షెడ్డు కింద మొదలుపెట్టారంటే ఫిల్మ్ వేసినట్టు కాదు, దుమ్మును అద్దంలో పెట్టి చూపించినట్టు. మూసిన గది కావాలి. నేల తడపాలి, ఫ్యాను ఆపాలి.

రెండు స్ప్రే సీసాలు సిద్ధం చేసుకోండి. జారడానికి ఒకటి: లీటరు నీళ్లకు బేబీ షాంపూ ఎనిమిది పది చుక్కలు. అంటుకోవడానికి ఇంకొకటి: 850 మి.లీ. నీళ్లకు 150 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కారు కడిగి, తారు మరకలు తీసి, క్లే బార్ (పెయింటుకు అంటిన మురికిని లాగే మెత్తటి ముద్ద) రుద్ది, ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడవాలి. అరచేత్తో తడిమితే గాజులా ఉండాలి. వెనక కాగితం ఊడదీసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు చుట్టుపక్కల దుమ్మునంతా లాగుతుంది. అందుకే ఒకరు ఊడదీస్తుంటే ఇంకొకరు జిగురు వైపు షాంపూ నీళ్లు కొడుతూనే ఉండాలి. వేళ్లూ తడిగా ఉండాలి, లేదంటే వేలిముద్రలు జిగురులో మిగిలిపోతాయి.

రేకును కూడా తడిపి, ఫిల్మ్ పరిచి, మధ్యకు సర్దండి. రెండు మూలల కింద ఆల్కహాల్ నీళ్లు కొట్టి అంటించి, నిమిషం ఆగండి. పైభాగం తడిపి, మధ్యలోంచి అంచులకు స్క్వీజీ (నీళ్లను బయటికి నెట్టే రబ్బరు పలక) లాగండి, ప్రతి లాగుడూ ముందుదాని మీద మూడోవంతు ఎక్కాలి. అంచు దగ్గర వేళ్లలా ముడతలు లేస్తే గట్టిగా నొక్కడం తప్పు. ఎత్తి, తడిపి, కొంచెం సాగదీసి మళ్లీ దించాలి. మరీ సాగదీస్తే తెల్లటి చారలు మిగులుతాయి, సాగిన ఫిల్మ్ వెనక్కి లాక్కుని నాలుగు రోజులకు అంచు లేస్తుంది.

మసకగా కనిపించే తడి రెండు మూడు వారాల్లో ఆరిపోతుంది. చిన్న నీటి బుడగలను కదిలించకండి. గాలి బుడగ మాత్రం ఆరేది కాదు, సన్న సూదితో గుచ్చి నొక్కాలి. లోపల పడ్డ దుమ్ము రేణువు ఎప్పటికీ అక్కడే.

కారు మీద బ్లేడుతో కత్తిరించడం అసలు ప్రమాదం. చెయ్యి కొంచెం బరువైతే పెయింటు తెగుతుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. ఇంట్లో చేసేవాళ్లు ముందే కోసిన కిట్టు కొనడం, లేదా కాగితంతో నమూనా తీసి టేబుల్ మీద కోసుకోవడం మంచిది. అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలికి ఆగితే చాలు. షాపును ఎంచుకునేటప్పుడు కూడా మొదటి ప్రశ్న ఇదే: ప్లాటర్ (కంప్యూటర్ నమూనాతో ఫిల్మ్ కోసే యంత్రం) మీద కోస్తారా, కారు మీద కోస్తారా? తర్వాత, రోల్ డబ్బా మీ ముందు విప్పుతారా, వారంటీ కాగితంలో పసుపెక్కడం, అంచు లేవడం రెండూ రాసున్నాయా అని.

కారంతా టీపీయూ వేయిస్తే చిన్న కారుకైనా అరలక్ష దాటుతుంది. చాలామంది కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు తీసుకుపోతారు. రెండూ 200 కిలోమీటర్ల పైమాటే, కడపవాళ్లకు ఇంకా దూరం. పని అయిన రోజే హైవే ఎక్కితే తడి ఆరని అంచుల్లోకి గాలి, ఇసుక దూరతాయి. రెండు రోజులు అక్కడే వదలాలి. వారం తర్వాత లేచిన అంచు చూపించడానికి మళ్లీ పోవాలి. పనితనం సమానంగా ఉంటే మన ఊరి షాపుకే మా ఓటు.

ఆక్సిడెంటు తర్వాత బయట పెయింటు వేయించిన రేకు ఉంటే షాపుకు ముందే చెప్పండి. పెయింటు వేసి రెండు నెలలైనా కాకుండా ఫిల్మ్ వేయకూడదు. సరిగ్గా పట్టని పెయింటైతే రేపు ఫిల్మ్ తీసేరోజు దాంతోపాటే ఊడొస్తుంది. సొంతంగా వేసినా, షాపులో వేయించినా మొదటి ఏడు రోజులు కడగకండి. ఆ తర్వాత సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్‌ను అంచులకు రెండడుగుల దూరంలోనే పట్టమనండి.