గల్ఫ్ వార్తలు రాసే విలేకరికి సిగ్నల్ యాప్: ఎంతవరకు పనికొస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్, నిర్మల్ దిక్కు పనిచేసే విలేకరికి విదేశీ వార్త అంటే చాలాసార్లు గల్ఫ్ వార్తే. జీతం ఆపిన కంపెనీ, అఖామా (నివాస అనుమతి) రెన్యువల్ చెయ్యని కఫీలు (స్పాన్సర్ యజమాని), నెలలు గడిచినా ఇంటికి రాని శవపేటిక. ఈ కబుర్లు ఇమోలోనో వాట్సాప్‌లోనో వస్తాయి. వాటికి బదులు సిగ్నల్ వాడండని ఇప్పుడు చాలామంది చెప్తున్నారు. యాప్ మంచిదే. కానీ దాన్ని హన్మకొండ డెస్క్‌లో ఉన్న ఫోన్‌ని బట్టి కాదు, షార్జాలోనో దోహాలోనో క్యాంపు మంచం మీదున్న ఫోన్‌ని బట్టి తూచాలి. వార్త వచ్చాక దొరికిపోయేది ఆ ఫోన్ ఉన్నవాడే.

నిర్బంధ పాలన ఉన్న దేశాల్లో పనిచేసే విదేశీ విలేకరులందరికీ తెలిసిన సంగతి ఇది. 2020 మార్చిలో చైనా అమెరికా పత్రికల విలేకరులను దేశం నుంచి పంపేసింది. అదే ఏడాది డిసెంబరులో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థలో పనిచేసే చైనా పౌరురాలు హేజ్ ఫాన్‌ను నిర్బంధంలోకి తీసుకుంది. ఆమెకు బెయిల్ దొరికింది 2022 జనవరిలో. బయటి పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన గండం తప్పుతుందనీ లేదు. రష్యా విదేశాంగ శాఖ గుర్తింపు ఉన్న అమెరికా విలేకరి ఎవాన్ గెర్ష్‌కోవిచ్ 2023 మార్చిలో అరెస్టయ్యాడు. 2024 ఆగస్టు 1న ఖైదీల మార్పిడి జరిగేదాకా జైల్లోనే ఉన్నాడు. అయినా స్థానికుడికున్న ప్రమాదం వేరు. అతనికి వెళ్ళిపోవడానికి ఇంకో దేశం ఉండదు. మన గల్ఫ్ కార్మికుడికి సొంత దేశమైతే ఉంది గానీ, పాస్‌పోర్టు తరచూ కంపెనీ బీరువాలో ఉంటుంది.

ముందు సిగ్నల్ బలం చెప్పాలి. మెసేజ్ పంపినవాడి ఫోన్‌లో తాళం పడి, అందుకున్నవాడి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. 2021లో అమెరికా కోర్టు ద్వారా ఒక ఖాతా వివరాలు అడిగితే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిగా ఎప్పుడు కనెక్టయ్యారు. అంతకుమించి వాళ్ళ దగ్గర లేదు. ఉచితమైన ప్రతి యాప్ ఇలా ఉండదు. యూఏఈలో విపరీతంగా వాడిన టోటోక్ ప్రభుత్వ నిఘా పరికరమని 2019 డిసెంబరులో వార్త బయటపడింది. ఆ రోజుల్లోనే గూగుల్, ఆపిల్ దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి.

కానీ ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే సిగ్నల్ సగం పనే చేస్తుంది. మొట్టమొదట ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ దగ్గర, నంబర్ ఎవరికి కనిపించాలి, నంబర్‌తో ఎవరు వెతకొచ్చు అనే రెండు చోట్లా ‘ఎవరూ కాదు’ అని పెట్టాలి. లేకపోతే మీ కార్మికుడు సిగ్నల్‌లో చేరినట్టు అతని నంబర్ ఉన్న క్యాంపు బాస్‌కు కూడా తెలిసే వీలుంది. తర్వాత యూజర్‌నేమ్ పెట్టించి దాంతోనే మాట్లాడాలి. ప్రొఫైల్ పేరు ఒక్క అక్షరమైనా చాలు, ఫొటో వద్దు. రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేసి పిన్ పెట్టించండి. సిమ్ చేజిక్కించుకున్నవాడు ఓటీపీతో ఖాతా లాక్కోకుండా అదే అడ్డుపడుతుంది. అయితే యాప్ ఏడు రోజులు వాడకుండా వదిలేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. నోటిఫికేషన్‌లో పేరు, మెసేజ్ రెండూ కనిపించకుండా చేయాలి. పది మంది పడుకునే గదిలో ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్ తెర మీద వెలిగే ఒక్క వాక్యం చాలు.

మాయమయ్యే మెసేజ్‌ల టైమర్ గురించి చాలామంది పొరబడుతున్నారు. పంపినవాడి ఫోన్‌లో అది పంపిన క్షణం నుంచి, అందుకున్నవాడి ఫోన్‌లో చదివిన క్షణం నుంచి నడుస్తుంది. చదవని మెసేజ్ అలాగే ఉండిపోతుంది. కాబట్టి మీరు పంపిన ప్రశ్నలు అతను చూసేదాకా అతని ఫోన్‌లోనే ఉంటాయి. “తమ్మీ, ముందుగాల టైమర్ ఒక గంటకు పెట్టు, తర్వాతనే ఫొటో పంపు” అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఫొటో కూడా సిగ్నల్ లోపలి కెమెరాతోనే తీయించండి. మామూలు కెమెరాతో తీస్తే గ్యాలరీలో ఒక కాపీ, గూగుల్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఇంకో కాపీ, డిలీట్ చేశాక ట్రాష్‌లో మరొకటి మిగులుతాయి.

సిగ్నల్‌లో ముఖాలను మసకచేసే బ్లర్ పనిముట్టు బాగుంది, కానీ తనంతట తాను అది పట్టుకునేది ముఖాలనే, మిగతావి వేలితో రుద్ది మసకచేయాలి. క్యాంపు గది ఫొటో ఒకటి వచ్చిందనుకుందాం. ముఖం మసకగానే ఉంటుంది. తలుపు మీద గది నంబర్, దండెం మీద ఆరేసిన కవరాల్ వీపున కంపెనీ పేరు, కిటికీలోంచి కనిపించే క్రేన్ మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఆ గదిలో ఎందరున్నారో, అందులో తెలుగువాళ్ళెవరో ఫోర్‌మన్‌కు తెలుసు. ‘కోరుట్ల మండలానికి చెందిన యువకుడు’ అని రాస్తే పేరు దాచినట్టు కాదు. జిల్లా పేజీ ఈ-పేపర్‌గా తెల్లారేసరికి దోహాలో చదువుతారు, ఊరి వాట్సాప్ గ్రూపులో అంతకన్నా ముందే తిరుగుతుంది. ఈ తప్పు యాప్‌ది కాదు, డెస్క్‌ది.

కాల్స్ దగ్గర సిగ్నల్ చేతులెత్తేస్తుంది. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే నడుస్తాయి. ఈ అడ్డు దాటడానికి “వీపీఎన్ వేసుకో అన్నా” అని సలహా ఇచ్చే విలేకరులు ఒకసారి అక్కడి చట్టం చూడాలి. నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాములు. దాన్ని కట్టే స్థోమత ఎవరికుంది? టెక్స్ట్, వాయిస్ నోట్ సాధారణంగా వెళ్తాయి, వాటితో సరిపెట్టుకోండి. బాగోగులు బోటిమ్‌లో, పని మాటలు సిగ్నల్ వాయిస్ నోట్‌లో. విన్నాక రాసుకుని ఆడియో తీసేయాలి, గొంతును గుర్తుపట్టడం తేలిక.

లింకుల విషయంలో మాత్రం యాప్ ఏదైనా కాపాడలేదు. ఖతర్‌లో మారుపేరుతో కార్మికుల బతుకు రాసిన కెన్యా సెక్యూరిటీ గార్డు మాల్కం బిడాలిని 2021 మేలో పట్టుకెళ్ళారు. అంతకు కొద్దిరోజుల ముందు అతనికి అనుమానాస్పదమైన లింకు ఒకటి వచ్చింది. తర్వాత 25,000 రియాళ్ళ జరిమానా వేశారు. సిగ్నల్‌కు ప్రత్యేకంగా ఉన్న బెడద క్యూఆర్ కోడ్. గ్రూపులో చేరండంటూ పంపిన కోడ్‌ను స్కాన్ చేయిస్తే, మీ ఖాతా అవతలివాడి కంప్యూటర్‌కు లింకయ్యే మోసం రష్యా అనుకూల హ్యాకర్లు చేశారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ బయటపెట్టింది. లింక్డ్ డివైసెస్ జాబితా వారానికోసారి తెరిచి చూడండి, తెలియనిది ఉంటే వెంటనే తీసేయండి.

విజిట్ వీసా మీద తామే వెళ్ళి రాద్దామనుకునేవాళ్ళకు ఇంకో మాట. 2015 మేలో వరల్డ్ కప్ కార్మికుల వసతి చూడబోయిన బీబీసీ విలేకరి మార్క్ లోబెల్ బృందాన్ని దోహాలో పట్టుకుని రెండు రాత్రులు జైల్లో ఉంచారు. విచారణలో వాళ్ళ ముందు పెట్టినవి వీధిలో, కాఫీ షాపులో, బస్సులో వెంటాడి తీసిన ఫొటోలు. ఏ యాప్‌నూ హ్యాక్ చేయనక్కరలేకపోయింది. అందుకే క్యాంపుకు మీరు పోవద్దు, ఫోన్‌లో మాట్లాడినవాడిని అక్కడ అసలే కలవొద్దు. ఇమ్మిగ్రేషన్ లైన్‌లోకి వెళ్ళే ముందు వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్ తీసేసి, పొడుగాటి పాస్‌కోడ్ పెట్టి ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేయండి.

మా లెక్కలో ఇమో, వాట్సాప్‌ల కంటే సిగ్నల్ మేలు. కార్మికుడి ఫోన్‌లో పైన చెప్పిన సెట్టింగులన్నీ కుదిరాకే వాడాలి. సెట్ చేయడానికి అరగంట పడుతుంది, అది అతను డ్యూటీ దిగాక, గదిలో ఒక్కడే ఉన్నప్పుడు. ఆ వీలు దొరకకపోతే అతన్ని అడగడం మానేసి, సెలవు మీద ఊరికొచ్చినవాళ్ళతో, తిరిగొచ్చేసినవాళ్ళతో ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఆ వార్త నెల ఆలస్యమైనా పర్వాలేదు.