ట్రాముకు సొంత దారి మేలా, రోడ్డులో వాటా మేలా?

కలకత్తాలో ట్రాము ఎక్కడమంటే ముందుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సగం రోడ్డు దాటడం. పట్టాలేమో రోడ్డు నడుమ, మనమేమో కాలిబాట మీద, మధ్యలో బస్సులూ ఆటోలూ. డ్రైవరు కాలితో గంట మోగిస్తూనే ఉంటాడు, పట్టాల మీద ఆగిన పసుపు టాక్సీకి మాత్రం వినబడదు. పక్కకు తప్పుకునే వీలు ట్రాముకు లేదు కాబట్టి దాని వెనకే నిలబడుతుంది. చూసినవాళ్లు ‘ట్రాము నత్తనడక’ అంటారు. టాక్సీని ఎవరూ ఏమీ అనరు.

మొదటినుంచీ ఇలా లేదు. 1902లో విద్యుత్ ట్రాములు వచ్చాక ఖిదిర్‌పూర్ దారి నగరం నడుమనున్న ‘మైదాన్’ అనే విశాలమైన పచ్చిక మీదుగా హాయిగా సాగేది. వెడల్పు రోడ్లలో చాలాచోట్ల పట్టాలకు విడిగా ఎత్తైన గట్టు ఉండేది. తరవాత ఆ గట్లను తవ్వి, కాంక్రీటు పోసి, రోడ్డుతో సమం చేశారు. కార్లకు చోటు దొరికింది, ట్రాముకు దారి పోయింది.

మరి సొంత దారి ఉంటేనే ట్రాము బతుకుతుందా? మెల్‌బోర్న్‌ను చూస్తే అలా అనిపించదు. సుమారు 250 కిలోమీటర్ల ఆ వ్యవస్థలోనూ ఎక్కువ భాగం కార్లతో పంచుకున్న రోడ్డే. పట్టాల వెడల్పు కూడా రెండు ఊళ్లలోనూ ఒకటే, 1,435 మిల్లీమీటర్లు. తేడా అంతా నిబంధనల్లో ఉంది. స్టాపులో ట్రాము ఆగి తలుపులు తెరిస్తే, వెనక వచ్చే కారు ఆగి తీరాలి. నగరం నడిబొడ్డున కొన్ని కూడళ్లలో కుడికి తిరగాలంటే కారు ఎడమ అంచుకు వెళ్లి కాచుకోవాలి, పట్టాలకు అడ్డం రాకుండా. కొత్తగా వెళ్లి కారు నడిపే మనవాళ్లకు మొదట్లో ఇదో పరీక్షే! అదే ఊళ్లో 96వ నంబరు ట్రాము సెయింట్ కిల్డా వైపు పాత రైలు మార్గం ఎక్కగానే అడ్డులేకుండా దూసుకుపోతుంది. వేగం కావాలంటే సొంత దారికి సాటి లేదు, సందేహం అక్కర్లేదు.

కానీ చిత్‌పూర్ రోడ్డు లాంటి ఇరుకు వీధిలో సొంత దారికి చోటెక్కడిది? అక్కడ నాకు మెల్‌బోర్న్ పద్ధతే నచ్చుతుంది. రాస్‌బిహారీ అవెన్యూ లాంటి విశాలమైన రోడ్డులో మాత్రం పట్టాలను మళ్లీ వేరుచేయడమే మేలు. 2024 సెప్టెంబరులో బెంగాల్ ప్రభుత్వం ఈ రెండింటినీ కాదంది. ట్రాఫిక్ పేరు చెప్పి, ఎస్ప్లనేడ్-మైదాన్ ముక్క తప్ప మిగతావన్నీ ఆపేస్తామని ప్రకటించింది. అట్టిపెడతామన్నది సరిగ్గా ఆ పచ్చిక దారినే.