ఊగే ఫుట్‌ఓవర్ బ్రిడ్జికి ఏది మేలు: ఉక్కు పెంచడమా, బరువు పెంచడమా, డాంపర్లా?

రద్దీ రోడ్డు మీద 40 మీటర్ల స్పాన్‌తో (ఆధారాల మధ్య దూరంతో) ఉక్కు ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కట్టారనుకుందాం. బలం లెక్కల్లో లోపం లేదు, బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. అయినా నడిమధ్యకు రాగానే కాళ్ల కింద డెక్ లేచి పడుతూ ఉంటుంది. ఒకసారి భయపడిన పెద్దవాళ్లు మళ్లీ మెట్లెక్కరు, కింద వాహనాల మధ్య నుంచే రోడ్డు దాటుతారు. ఏ ప్రమాదం తప్పించడానికి వంతెన కట్టారో ఆ ప్రమాదంలోకే జనాన్ని తిరిగి పంపుతున్నాం కాబట్టి, ‘కూలదులే’ అని ఊరుకోవడం సరికాదు.

ఊపు ఎందుకొస్తుందో ముందు చూద్దాం. మామూలు నడకలో సెకనుకు దాదాపు రెండు అడుగులు పడతాయి. 70 కిలోల మనిషి బరువు సుమారు 700 న్యూటన్లు. అందులో నలభై శాతం, అంటే 280 న్యూటన్ల దాకా, ప్రతి అడుగుతో పైకీ కిందికీ మారుతుంది. వంతెన సహజ పౌనఃపున్యం (తట్టి వదిలితే సెకనుకు అది తనంతట తాను ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య) కూడా 2 హెర్ట్జ్, అంటే సెకనుకు రెండు ఊపుల దగ్గరే ఉంటే అడుగు అడుగుకూ ఊపు పేరుకుంటుంది. మన వంతెన బరువు మీటరుకు 2 టన్నులు అనుకుంటే మొత్తం 80 టన్నులు. మొదటి మోడ్‌లో, అంటే స్పాన్ మొత్తం ఒకే వంపుగా పైకీ కిందికీ ఊగే తీరులో, దానిలో సగం, 40 టన్నులు, లెక్కకు వస్తుంది. వెల్డింగ్ చేసిన ఉక్కు వంతెనకు డాంపింగ్ (ఊపును చల్లార్చే గుణం) 0.4 శాతమే అనుకోవచ్చు. ఒక్క మనిషి నడిమధ్యన నిలబడి అదే లయలో అడుగులు వేస్తూ పోతే త్వరణం 280 ÷ (2 × 0.004 × 40,000), అంటే 0.88 మీ/సె². ఐరోపా నిర్మాణ ప్రమాణాలైన యూరోకోడ్ సౌకర్యానికి సూచించే నిలువు హద్దు 0.7. ఒక్కరితోనే హద్దు దాటింది. ఇక చదరపు మీటరుకు 0.8 మంది చొప్పున 3 మీటర్ల వెడల్పు డెక్ మీద 96 మంది నడిస్తే, ఫ్రాన్స్ రోడ్ల సాంకేతిక సంస్థ సెట్రా ఇచ్చిన పద్ధతి ప్రకారం అది 3.4 మీ/సె² దాకా పోతుంది. అదే పద్ధతిలో కనీస సౌకర్యానికి కూడా 2.5 మించకూడదు.

ఏ మందు వేయాలన్నా ముందు కొలవాలి. డ్రాయింగుల నుంచి లెక్కగట్టిన పౌనఃపున్యానికీ నిజమైనదానికీ తేడా ఉండటం మామూలే. బేరింగులు తుప్పుతో బిగుసుకుపోవడం, రెయిలింగ్ కూడా కొంత బరువు మోయడం దానికి కారణాలు. నడిమధ్యనా, పావు స్పాన్ దగ్గరా యాక్సెలరోమీటర్లు (త్వరణం కొలిచే సెన్సార్లు) బిగించండి. ప్రతిచోటా ఒకటి నిలువుకు, ఒకటి అడ్డానికి. సెకనుకు 100 శాంపిళ్లు చాలు. మెట్రోనోమ్‌తో (లయను టిక్కులతో చెప్పే పరికరంతో) ఇద్దరు ముగ్గురిని ఒకేచోట అడుగులు వేయించి, ఊపు పెరిగాక ఒక్కసారిగా ఆపించి, అది చల్లారే తీరు రికార్డు చేయాలి. ఊపు సగానికి తగ్గడానికి 28 ఆవృత్తులు పడితే డాంపింగ్ 0.4 శాతం. 2 హెర్ట్జ్ వంతెన మీద అది 14 సెకన్లు. సెన్సారును టేపుతోనో మైనంతోనో డెక్ మీది చెకర్డ్ ప్లేటు (గళ్ల ఉక్కు రేకు) మీద అతికించడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు ప్లేటు టకటకలు కూడా రికార్డులో కలుస్తాయి. గర్డర్ ఫ్లాంజికే (అంచు పట్టీకే) అయస్కాంతంతో పట్టించాలి.

ఉక్కు పెంచడం

దృఢత్వం పెంచి పౌనఃపున్యాన్ని నడక పరిధి దాటించాలన్నది అందరికీ మొదట తట్టే ఆలోచన. 2 నుంచి 3 హెర్ట్జ్‌కు వెళ్లాలంటే దృఢత్వం 2.25 రెట్లు కావాలి. యూరోకోడ్ నిలువు కంపనానికి ప్రత్యేక పరిశీలన అడగని 5 హెర్ట్జ్‌కు పోవాలంటే 6.25 రెట్లు. పైగా కలిపిన ఉక్కుకు బరువు ఉంటుంది కాబట్టి అది కొంత లాభాన్ని తినేస్తుంది. 3 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయినా నిశ్చింత లేదు. సెకనుకు ఒకటిన్నర అడుగుతో మెల్లగా నడిచేవారి రెండో హార్మోనిక్ (అడుగుల లయకు రెట్టింపు లయలో వచ్చే తోపు) సరిగ్గా అక్కడే ఉంటుంది, పరుగెత్తేవారి అడుగు కూడా ఆ చుట్టుపక్కలే.

డిజైన్ దశలో మాత్రం దీనికి సాటి లేదు. ట్రస్ (త్రిభుజాల ఉక్కు చట్రం) లోతు ఒకటిన్నర రెట్లు చేస్తే దృఢత్వం దాదాపు 2.25 రెట్లవుతుంది, ఉక్కు మాత్రం ఆ లెక్కన పెరగదు. రెయిలింగ్ ఎత్తుకు లేచిన హాఫ్-త్రూ ట్రస్‌లు సన్నటి ప్లేట్ గర్డర్ల కంటే నిమ్మళంగా ఉండటానికి కారణం ఈ లోతే. కట్టేశాక అయితే కింద లారీల ఎత్తుకు వదిలిన ఖాళీ అడ్డొస్తుంది, ట్రాఫిక్ ఆపాలి, బరువు మోస్తున్న గర్డర్‌కు వెల్డింగ్ చేయాలి. అన్ని కష్టాలు పడి 2.0 నుంచి 2.3 హెర్ట్జ్‌కు చేరితే ఇంకా నడక పరిధిలోనే ఉన్నట్టు.

బరువు పెంచడం

డెక్ మీద కాంక్రీటు పోస్తే త్వరణం తగ్గుతుంది, డాంపింగ్ కూడా కాస్త పెరుగుతుంది. అయితే బరువుతో పాటు పౌనఃపున్యం పడిపోతుంది. 2.4 హెర్ట్జ్ ఉన్న వంతెనకు బరువు ఒకటిన్నర రెట్లు చేస్తే అది 1.96కి దిగుతుంది, అంటే జనం సహజంగా నడిచే లయలోకి మనమే తెచ్చిపెట్టినట్టు. గర్డర్లకు, పిల్లర్లకు, పునాదులకు అదనపు భారం, భూకంప లెక్కల్లో అదనపు బలం, ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి. కట్టిన వంతెనకు ఈ దారి మేం సూచించం.

విస్కస్ డాంపర్

సిలికాన్ నూనె నిండిన సిలిండరులో పిస్టన్ కదిలి శక్తిని వేడిగా మార్చే పరికరం ఇది. ఫలానా పౌనఃపున్యానికి శ్రుతి చేయాల్సిన పని లేదు, గుంపు బరువుతో వంతెన పౌనఃపున్యం మారినా పనిచేస్తుంది. ఒకే షరతు: దానికి రెండు కొసలు కావాలి, ఆ రెండూ ఒకదానికొకటి కదలాలి. రోడ్డు మీద వేలాడే స్పాన్ నడిమధ్యన రెండో కొసను దేనికి కడతాం? బేరింగ్ దగ్గర పెడదామంటే అక్కడ కదలిక ఉండదు. నడిమధ్యన 5 మిల్లీమీటర్లు ఊగినా, 40 మీటర్ల స్పాన్ చివర తిరిగే కోణం 0.0004 రేడియన్లే. మీటరు పొడవు కమ్మీ పెట్టినా డాంపరుకు అందేది 0.4 మిల్లీమీటర్లు. పిన్నుల్లోని వదులూ సీలు రాపిడీ కలిసి అందులో చాలాభాగం మింగేస్తాయి.

పక్కలకు ఊగే అడ్డ ఊపులో మాత్రం విస్కస్ డాంపరు విలువ వేరు. లండన్ మిలేనియం వంతెన దీనికి గొప్ప ఉదాహరణ. 2000 జూన్ 10న తెరిచారు, పక్కలకు ఊగడంతో 12న మూసేశారు. 81, 144, 108 మీటర్ల స్పాన్‌లలో అడ్డ మోడ్‌లు దాదాపు 0.5 నుంచి 1 హెర్ట్జ్ మధ్య ఉన్నాయి. ఎడమ, కుడి పాదాల పక్క తోపుడు సెకనుకు ఒకసారి చొప్పున తిరిగి వస్తుంది కాబట్టి ఆ పరిధి తగలకుండా ఉండదు. ఊపు మొదలైతే మనుషులు పడిపోకుండా అడుగు దానికి తగ్గట్టు సర్దుకుంటారు, ఆ సర్దుబాటే వంతెనను ఇంకా తోస్తుంది. అంటే ఒక్కొక్క మనిషీ వంతెనకున్న డాంపింగ్‌లోంచి కొంత తీసేస్తున్నట్టు. అందుకే ఒక సంఖ్య దాకా ఏమీ జరగదు, ఆపైన పదిమంది చేరితే ఊపు ఒక్కసారిగా పెరుగుతుంది. వంతెన డిజైన్ చేసిన అరూప్ సంస్థ ఇంజినీర్లు ఆ పక్క తోపుడుకు అందకుండా 0.5 హెర్ట్జ్‌ను 1.3 దాటించాలనుకుంటే దృఢత్వం ఆరు రెట్లకు పైగా పెంచాలి. అలా చేస్తే ఆ సన్నటి వంతెన రూపమే మిగలదు. వాళ్లు 37 విస్కస్ డాంపర్లు బిగించారు: డెక్ కింద చెవ్రాన్ (V ఆకారపు) చట్రాలకూ, పిల్లర్లకూ, చివర నేలకూ. నిలువు కదలికకు 26 జతల ట్యూన్డ్ మాస్ డాంపర్లు (వీటి గురించి కింద చూద్దాం) పెట్టారు. 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఒకే వంతెనలో ఏ దిశకు ఆ మందు వేశారన్నది గమనించాలి.

ట్యూన్డ్ మాస్ డాంపర్

మన 40 మీటర్ల వంతెనకు మా తీర్పు ఇదే. స్ప్రింగుల మీద కూర్చోబెట్టిన ఉక్కు బరువు, పక్కనే చిన్న డాంపరు. వంతెన పైకి పోతుంటే ఈ బరువు వెనకబడి దాన్ని వెనక్కు లాగుతుంది. నేలతో పని లేదు, గర్డర్ల మధ్య ఖాళీలో ఇమిడిపోతుంది.

ఎంత బరువు కావాలి? మోడ్ బరువులో 1 శాతం, అంటే 400 కిలోలు పెడితే ఒక్కరి నడకకు 0.88 కాస్తా 0.1కి దిగుతుంది. అక్కడితో సంతోషపడితే గుంపు దగ్గర దెబ్బతింటాం. గుంపులో అందరి అడుగులూ ఒకే లయలో పడవు కాబట్టి డాంపింగ్ పెంచినా ఫలితం దాని వర్గమూలం మేరకే వస్తుంది. ఒక్కరి విషయంలో దాదాపు తొమ్మిది రెట్లు తగ్గిన ఊపు 96 మందికి మూడు రెట్లే తగ్గి 1.16 దగ్గర ఆగుతుంది. 800 కిలోలకు, అంటే 2 శాతానికి పెంచితే 0.97. సెట్రా మధ్యస్థ సౌకర్యానికి చెప్పే 1.0 హద్దులోకి అప్పుడు వస్తాం.

800 కిలోలను ఒకే ముద్దగా కాక 200 కిలోల చొప్పున నాలుగుగా విడగొట్టి నడిమధ్యకు దగ్గరగా బిగించడం మంచిది. ఇలాంటి డాంపర్లకు డెన్ హార్టోగ్ ఇచ్చిన సూత్రం ప్రకారం శ్రుతి 1.96 హెర్ట్జ్, యూనిట్‌లోని చిన్న డాంపరు ఇవ్వాల్సిన డాంపింగ్ 8.4 శాతం, ఒక్కో యూనిట్ స్ప్రింగుల మొత్తం దృఢత్వం మీటరుకు 30 కిలోన్యూటన్లు. బరువు పెట్టగానే స్ప్రింగులు 65 మిల్లీమీటర్లు కుంగుతాయి, ఆ కుంగుడుకీ ఊపుకీ ఖాళీ వదలాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. 96 మంది ఎక్కితే వంతెన 2.0 నుంచి 1.92 హెర్ట్జ్‌కు జారుతుంది. ఖాళీ వంతెనకు శ్రుతి చేసిన డాంపరు జనం ఉన్నప్పుడే తప్పుతుంది. నాలుగు యూనిట్లను 1.88 నుంచి 1.98 మధ్య కొద్దిగా వేర్వేరుగా సర్దితే ఈ జారుడును తట్టుకుంటాయి. పలుచని ప్లేట్లు కలపడానికో తీయడానికో వీలుండాలి, ఒక్కో యూనిట్‌కు ఐదారు కిలోలు మారిస్తే శ్రుతి ఒకటిన్నర శాతం వరకు కదులుతుంది.

మన ఎండలకు నూనె పలచబడుతుంది కాబట్టి డాంపరు విలువను 20 డిగ్రీల దగ్గరే కాక 50 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించిన కాగితం తయారీదారు నుంచి అడగండి. గైడ్ రాడ్లకు దుమ్ము, పావురాల రెట్ట పట్టి బిగుసుకుంటే ఆ యూనిట్ ఉత్త బరువే. వలతో మూసి, తనిఖీకి తలుపు, కింద పడకుండా గొలుసు పెట్టాలి.

బిల్లు చెల్లించే ముందు చేయాల్సిన పరీక్ష సులువైనదే. బరువులను బోల్టులతో కదలకుండా బిగించి ఒకసారి, వదిలి ఒకసారి, అవే మనుషులతో అదే లయలో అడుగులు వేయించి రెండు రికార్డులూ పోల్చాలి. వదిలినప్పుడు ఊపు 14 సెకన్లకు బదులు రెండు సెకన్ల లోపే సగమవ్వాలి. కాకపోతే శ్రుతి తప్పింది, లేదా ఏదో యూనిట్ పట్టేసింది. అదే పరీక్ష ఏడాదికోసారి, ఎండాకాలంలో చేయించండి.