తొమ్మిదేళ్లు కప్పుకున్నాక మూడు బొంతల అంచుల సంగతి

నేను కుట్టుకున్న బొంతలు మూడున్నాయి. మూడూ రోజూ కప్పుకునేవే, బీరువాలో మడిచి దాచినవి కావు. పెద్దదానికి తొమ్మిదేళ్లు, రెండోదానికి ఆరు, మూడోదానికి నాలుగు. మధ్యభాగాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అతికిన ముక్కలు అతికినట్టే ఉన్నాయి. తేడా అంతా అంచుల దగ్గరే తేలింది. మూడింటికీ మూడు రకాల అంచులు వేశాను, ఒక్కోటీ ఒక్కో తీరుగా ముసలిదయింది.

మొదటిదాని మధ్యభాగంలో 12 అంగుళాల గళ్లు, అడ్డంగా ఐదు, నిలువుగా ఆరు. అంటే 60 బై 72. దానికి ఆరంగుళాల అంచు. గడిలో సరిగ్గా సగం వెడల్పు కాబట్టి కంటికి కుదురుగా ఉంటుందని లెక్క వేశాను. ఆ లెక్క ఇప్పటికీ తప్పనిపించదు. తప్పంతా కుట్టిన తీరులో ఉంది. దిండు గలీబుకి లేసు కుట్టినట్టు పొడవాటి పట్టీ తీసుకుని, ఒక కొస నుంచి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించి పారేశాను. అయ్యాక టేపు పెట్టి చూస్తే ఒక పక్క అంచు 73 ముప్పావు, రెండో పక్క 73 పావు. బొంత నడుమ కొలిస్తే మాత్రం 72!

ఇలా ఎందుకవుతుందో తర్వాత అర్థమైంది. సూది కింద గుడ్డని ముందుకి జరిపే మిషను పళ్లు, అడుగున ఉన్న గుడ్డని పై గుడ్డకన్నా కాస్త ఎక్కువ లాగుతాయి. నేను పట్టీని కిందపెట్టి కుట్టాను. పైగా ఆ పట్టీలు పేక వైపు, అంటే గుడ్డ అడ్డం వైపు, కోసినవి. గుడ్డలో పడుగు, అంటే పొడుగు వైపు దారం బిగువుగా ఉంటుంది, దాదాపు సాగదు. పేక వైపు కొంచెం సాగుతుంది, ఐమూలగా పట్టుకుని లాగితే రబ్బరులా వస్తుంది. అటు అన్ని అతుకులున్న గళ్ల అంచు కూడా చేతులు పడి అప్పటికే సాగి ఉంది. సాగినదానికి సాగేదాన్ని కుట్టాను. నేలమీద పరిస్తే మధ్యంతా చాపలా, చుట్టూ అప్పడంలా అలలు.

అంతా పై గుడ్డ, లోపలి దూది, అడుగు గుడ్డ కలిపి కుట్టే క్విల్టింగ్‌లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. వదులుగా ఉన్న గుడ్డ మీద సూది వెళ్లేకొద్దీ మిగులంతా ఒకచోటికి చేరి, చిన్న చిన్న కుచ్చిళ్లుగా కుట్టులో పడిపోయింది. ఎడమ పక్క అంచులో అలాంటివి ఏడున్నాయి. తొమ్మిదేళ్లుగా ఉతికినప్పుడల్లా లెక్కపెడుతూనే ఉన్నాను.

కాబట్టి కొలత విషయంలో ఇప్పుడు నేను చాదస్తపు మనిషిని. బొంతని ఇస్త్రీ చేసి నేలమీద పరిచి, అంచుల వెంట కాకుండా నడుమ ఒకసారి, దానికి అటొకసారి ఇటొకసారి కొలుస్తాను. మూడింటికీ సగటు తీసి, ఆ పొడవుకే రెండు పట్టీలూ ఒకేసారి కోస్తాను. బొంతని, పట్టీని విడివిడిగా సగానికి, మళ్లీ సగానికి మడిచి గుర్తులు పెట్టుకుని, గుర్తుకి గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చుతాను. ఏది కాస్త పొడవుగా ఉంటే దాన్ని మిషను మీద కిందికి పెడతాను. మొదటిసారి నన్ను ముంచిన ఆ పళ్లే ఇప్పుడు ఎక్కువతక్కువల్ని సర్దుతాయి. పక్క అంచులు రెండూ కుట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడే పైదానికీ కిందిదానికీ కొత్తగా కొలుస్తాను. ముందే నాలుగూ కోసి పెట్టుకోవడం తొందర పని.

గుడ్డ కొనేటప్పుడు కూడా ఒక మాట. ఇలాంటి బొంతకి ఆరంగుళాల అంచు కావాలంటే, కుట్టులోకి పోయేదంతా కలిపి ఆరున్నర అంగుళాల పట్టీలు నాలుగు కోయాలి. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ రెండు మీటర్లు తెచ్చి పడుగు వెంట కోస్తే నాలుగూ అతుకు లేకుండా వస్తాయి, పక్కన పద్దెనిమిది అంగుళాల వెడల్పు గుడ్డ మిగులుతుంది కూడా. పేక వైపు కోస్తే గుడ్డ తక్కువ పడుతుంది, నిజమే. ఆ మిగిలిన డబ్బులు ఏడు కుచ్చిళ్ల రూపంలో కనబడుతున్నాయి నాకు.

రెండోదానికి చారల గుడ్డ అంచు. చారలు మూల దగ్గర తిరగాలి కదా, అందుకని ఫొటో ఫ్రేము మూలలా ఐమూలగా కలిపాను. మధ్యభాగం 48 బై 60, అంచు ఐదంగుళాలు. ఈ రకానికి పట్టీ పొడవులో బొంత పొడవు, రెండు అంచుల వెడల్పు, ఆపైన చేతిలో ఆడడానికో నాలుగంగుళాలు కలుపుకోవాలి. అంటే పొడుగు పక్కకి 74, పొట్టి పక్కకి 62. కుట్టు మూలదాకా పోకూడదు, పావు అంగుళం ముందే ఆపి ముడెయ్యాలి. ఆ పావు అంగుళం దాటి రెండు కుట్లు పడినా మూల లోపల గుబ్బలా నిలబడుతుంది. మొదటి మూల మూడుసార్లు విప్పాను. నాలుగోదానికి వచ్చేసరికి చేయి తిరిగింది. చారకి చార కలిసి మూలలో మడత తిరిగినప్పుడు కలిగిన ఆనందం మాత్రం ఆ బొంత మొత్తం మీద మరెక్కడా కలగలేదు, దాచుకోవడం ఎందుకు.

ఆరేళ్ల తర్వాత ఆ మూలలు నాలుగూ బాగానే ఉన్నాయి. పాడైంది అంచు పొట్ట. మధ్యలో రెండంగుళాలకొక వరస చొప్పున చేత్తో కుట్టి కుట్టి విసుగొచ్చి, అంచులో ఒకే ఒక్క గీత కుట్టి వదిలేశాను. దగ్గర దగ్గరగా కుట్టినచోట గుడ్డ లోపలికి లాక్కుంటుంది, కుట్టనిచోట అంతే ఉంటుంది. దానికితోడు నూలు దూది పొర ఉతికినప్పుడు కొంచెం కుంచించుకుంటుంది. ఫలితం, మధ్యభాగం బిగిసింది, అంచు ఫ్రిల్లులా వేలాడింది. ఈసారి కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా! లోపలి దూది కూడా ఒకచోట ఉండచుట్టుకుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. మధ్యలో ఎంత దగ్గరగా కుడితే అంచులోనూ సుమారుగా అంతే కుట్టాలి. అంచు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది, అసలు చిక్కు అదే.

మూడోదే నేను ధైర్యంగా చూపించగలిగేది. మూలల్లో ఐమూల అతుకుల జోలికి పోలేదు, నాలుగు చదరపు ముక్కలు పెట్టాను. మధ్యభాగానికీ పెద్ద అంచుకీ నడుమ అంగుళం వెడల్పున ముదురు నీలం సన్న పట్టీ వేశాను. రంగురంగుల గళ్లు ఎక్కడ ఆగాయో కంటికి చెప్పేది ఆ సన్న పట్టీయే. దాని గుడ్డ ఎంచుకోవడానికి మధ్యభాగాన్ని గోడకి గుచ్చి, పక్కన ఒక్కో గుడ్డ మడత వేలాడదీసి, ఫోన్లో నలుపు తెలుపు ఫొటోలు తీశాను. రంగు తీసేస్తే ఏది ముదురో ఏది లేతో ఇట్టే తేలిపోతుంది. నాకెంతో నచ్చిన ఎర్రది మధ్యభాగంతో కలిసిపోయి కనిపించకుండా పోయింది. పైగా తడిపి తెల్లగుడ్డ మీద ఇస్త్రీ చేస్తే రంగు దిగింది. అలా బతికిపోయాను.

సన్న పట్టీతో ఒక ఇబ్బంది ఉంది. ఆరంగుళాల అంచులో కుట్టు కాస్త వంకరపోయినా ఎవరికీ తెలీదు. అంగుళం పట్టీలో నూలుపోగంత తేడా వచ్చినా పాములా మెలికలు కనిపిస్తాయి. అందుకని రెండో కుట్టు వేసేటప్పుడు మొదటి కుట్టు పైకి కనబడేలా పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ సమానంగా కుట్టాను.

పెద్ద అంచులో జడ అల్లిక డిజైను చేత్తో కుట్టాను. అంచు పొడవు 62 అంగుళాలు, జడ మెలిక నాలుగంగుళాలు. అలాగే గీసుకుంటూ పోతే చివర సగం మెలిక మిగిలిపోతుంది. కాగితపు పట్టీ సరిగ్గా 62 అంగుళాలకి కోసి, పదహారు మడతలు పెట్టాను. ఒక్కో మడత 3.875 అంగుళాలు వచ్చింది. మెలికని ఆమాత్రం నొక్కితే ఎవరి కంటికీ ఆనదు, మూల దగ్గరికి నిండుగా వచ్చి ఆగుతుంది. కుట్టడానికి ముందు మూడు పొరలకీ నడుమ నుంచి బయటికి టాకాలు వేశాను. బైండింగ్, అంటే చుట్టూ కొసల్ని మూసే పట్టీ, వేసే ముందు అంచు కొస వెంబడి ఇంకో టాకా వేసి, పొరలు జరక్కుండా చూసుకున్నాను. నాలుగేళ్ల ఉతుకుల తర్వాత కూడా నేలమీద పరిస్తే మూలలు నేలని అంటుకునే ఉన్నాయి.

ఇక అరుగుదల. నేననుకున్నట్టు కాళ్ల వైపు కాదు, ముఖం వైపు అంచే ముందు పోయింది. చేతులు పట్టి లాగేది అటే, చెమటా జిడ్డూ అంటేదీ అటే. మొదటిదానికి ఒంటి మడత బైండింగ్ వేశాను, ఏడో ఏట పైవైపంతా దారాలు లేచిపోయింది. విప్పి రెండున్నర అంగుళాల పట్టీని నిలువునా సగానికి మడిచి, రెండు పొరలుగా మళ్లీ వేశాను. పైవైపు ఒక్కటే మార్చాను కాబట్టి ఆ రంగు కొత్తగా, మిగతా మూడు వైపులూ పాతగా ఉన్నాయి. చీకట్లో తలవైపు ఏదో వెతుక్కోనక్కర్లేదు, చేతికి గట్టిగా తగిలేదే తలవైపు.