కేకు క్రీముకు రంగు, రుచి: సీసాలోది మేలా, ఇంట్లోది మేలా?

ఒడిశాలోని మన బరంపురంలో మే నెలలో పుట్టినరోజు వస్తే కేకు కాల్చడం పెద్ద పనేం కాదు, పైన వేసే క్రీముతోనే టెన్షన్. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. సముద్రపు చెమ్మగాలికి పంచదార పొడి ఉండలు కడుతుంది. అందుకే ఏ రంగు, ఏ ఎసెన్స్ అని అడిగేముందు చూడాల్సింది ఒకటుంది: మనం వేసేది నీళ్లలో కలిసేదా, కొవ్వులో కలిసేదా? వెన్న క్రీములో నీళ్లు ఎక్కువైతే అది విరిగి పెరుగు తరకల్లా అవుతుంది.

కిరాణా కొట్లో చిన్న సీసాల్లో దొరికే పల్చటి రంగు చవక. లేత గులాబీకో లేత పసుపుకో రెండు మూడు చుక్కలు చాలు, దానికి ఇంకేమీ కొననక్కర్లేదు. ముదురు ఎరుపు కావాలంటే మాత్రం చెంచాలకొద్దీ పోయాలి. క్రీము జారిపోతుంది, నాలుకకు చేదు తగులుతుంది, ఎరుపు మాత్రం రాదు. అక్కడ జెల్ రంగే గెలుస్తుంది. ధర ఎక్కువే అయినా టూత్‌పిక్ కొనకు అంటినంత వేస్తే గిన్నెడు క్రీము మారిపోతుంది. కలిపిన రెండు మూడు గంటలకు రంగు ఇంకా ముదురుతుంది కాబట్టి, కావాల్సిన దానికంటే ఒక మెట్టు తక్కువలో ఆపి మూతపెట్టి ఉంచండి. నలుపుకైతే ముందు కోకో పొడి కలిపి గోధుమ రంగు తెచ్చుకున్నాకే నల్ల జెల్ వేయాలి. తెల్ల క్రీములో నలుపు తేవాలని చూస్తే సీసా ఖాళీ అవుతుంది, పిల్లల నాలుకలు నల్లబడతాయి.

నీలం దగ్గర చిక్కు రంగుది కాదు, వెన్నది. ప్యాకెట్ వెన్న పసుపుగా ఉంటుంది, నీలం పడగానే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇంట్లో గేదె పాల మీగడ చిలికి తీసిన వెన్న తెల్లగా ఉంటుంది, ఉప్పూ ఉండదు. రంగులకు అంతకంటే మంచిది లేదు. చల్లటి నీళ్లలో మజ్జిగ పోయేదాకా కడిగి, గట్టిగా పిండి వాడాలి. 100 గ్రాముల వెన్నకు 200 గ్రాముల పంచదార పొడి. మిక్సీలో పంచదార తిప్పేటప్పుడే చెంచాడు కార్న్‌ఫ్లోర్ వేస్తే చెమ్మకు ఉండ కట్టదు.

ఇక వంటింటి రంగులు. బీట్‌రూట్ గులాబీ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ రంగు నీళ్లలో కరిగేది, వేడికి మాసిపోయేది. రసం పోయడం కంటే, పల్చటి ముక్కలు నీడలో కరకరలాడేలా ఎండబెట్టి పంచదారతో కలిపి పొడి చేస్తే మేలు. పసుపూ జాఫ్రా గింజలూ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటాయి, వాటి రంగు కొవ్వులోనే దిగుతుంది. చెంచాడు నేతిలో వెచ్చచేసి వడకట్టి కలిపితే చక్కటి పసుపు, నారింజ వస్తాయి. ప్యాకెట్ వెన్నకు పసుపు రంగు చాలాసార్లు ఈ జాఫ్రాతోనే వస్తుంది, లేబుల్ మీద అన్నాటో అని రాస్తారు. పొరుగున కంధమాల్ పసుపుకు 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కానీ, ఎంత పేరున్న పసుపైనా చిటికెడు దాటితే కేకు పోపు వాసన కొడుతుంది. మామిడి కాలంలో ఆ గొడవే వద్దు, గుజ్జును దగ్గరకు ఉడికించి చల్లార్చి రెండు చెంచాలు కలపండి, రంగూ రుచీ ఒకేసారి వస్తాయి. శంఖుపువ్వు నీలం మాత్రం నాకు నచ్చదు. నీళ్లతోనే దిగాలి, పైగా నిమ్మరసం తగిలితే ఊదాకు మారుతుంది.

బజారులో పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే రంగు పొడి జోలికి అసలు వెళ్లకండి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8 మాత్రమే. లేబుల్ మీద 102, 110, 122, 124, 127, 132, 133, 143 అనే నంబర్లతో కనిపిస్తాయి. రోడమిన్-బి అనే బట్టల రంగు దొరకడం వల్లే 2024లో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది.

రుచిలో మాత్రం నా ఓటు పూర్తిగా మన జిల్లాలకే. వెనిల్లా ఎసెన్స్ ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరికీ గుర్తూ ఉండదు. ఛత్రపురం, చికిటి వైపు పండే మొగలిపువ్వుకు దేశమంతా గిరాకీ, గంజాం కేవ్డాకు (మొగలిపువ్వునే కేవ్డా అంటారు) జీఐ గుర్తింపు కూడా ఉంది. అయితే కేవ్డా వాటర్ వద్దు. అందులో ఉన్నది దాదాపు నీళ్లే, వాసన తెలిసేలా పోస్తే వెన్న విరుగుతుంది. ఎసెన్స్ ఒక్క చుక్క చాలు. రెండో చుక్క పడితే కేకు తింటున్నామో అత్తరు పూసుకున్నామో తెలియదు. దానికి తోడు లేత గులాబీ రంగో, తెలుపో బాగుంటుంది. చాక్లెట్‌తో అసలు పొసగదు. (పాలవిరుగుడు కాల్చి చేసే ఒడియా మిఠాయి ఛెనాపొడ ఉన్న ఇంట్లో క్రీము దేనికి అనేవాళ్లతో నేను వాదించను.)

కొండ మీద కోరాపుట్‌లో చల్లదనం వల్ల వెన్న క్రీము హాయిగా నిలుస్తుంది. కింద బరంపురంలో ఎండాకాలం మధ్యాహ్నం పార్టీ అయితే పామ్ గింజల నూనెతో చేసే నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీమే కాస్త ఆగుతుంది. తెల్లగా ఉంటుంది కాబట్టి రంగులు బాగా పడతాయి. చాలా రకాల్లో తీపి ముందే ఉంటుంది, మళ్లీ పంచదార వేయకండి. రుచి సంగతికొస్తే వెన్నకు సరిరాదు.

రంగూ రుచీ రెండూ ఒకదానితోనే తేవాలంటే కాఫీ. ఇన్‌స్టంట్ పొడిని అరచెంచా వేడినీళ్లలో కరిగిస్తే పని అయిపోతుంది. కోరాపుట్ కాఫీ పొడి అలా కరగదు, నేరుగా వేస్తే పళ్లకింద ఇసుకలా తగులుతుంది. దానికి వెన్నను సన్నసెగ మీద కరిగించి, రెండు చెంచాల పొడి వేసి, దించి అరగంట మూతపెట్టండి. పల్చటి బట్టలో వడకట్టి ఫ్రిజ్‌లో మెత్తగా గడ్డకట్టనిచ్చి, అప్పుడు పంచదారతో గిలకొట్టండి. శ్రమ ఎక్కువే, అయినా నేను ఇదే చేస్తాను.